పటం పెట్టని సెనైదా

పాత రాజుల కట్టడాల గేటు దగ్గర జరిగిన ఆ తగువును చూడనివాళ్ళు కూడా చూశామనే చెప్పుకుంటారు మిత్లా ఊళ్ళో. ఫిదెన్సియా మాత్రం నిజంగా చూసింది. ఆమె, సెనైదా ఆ గేటు ముందే పక్కపక్కన శాలువాలు పరుచుకుని అమ్ముకునేవాళ్ళు.

ఆ రోజు కొండల మీది నుంచి ఒక ముసలామె దిగి వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు. చంకలో గుడ్డమూట, చేతిలో పొగలు కక్కుతున్న సాంబ్రాణి పాత్ర. మొగుడు పోయి నెల తిరగలేదట. చచ్చినవాళ్ళంతా చేరేది మిత్లాకే గనక, అతను క్షేమంగా చేరాడో లేదో కనుక్కుందామని వచ్చింది. గేటు కాపలా లౌరో అడ్డం నిలబడ్డాడు.

"టిక్కెట్టు కావాలి. నిప్పు లోపలికి రాకూడదు."

ముసలామెది వేరే భాష, ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. సెనైదాకు పూర్తిగా అర్థమయ్యాయి. అదీ లౌరో ఖర్మ.

"ఒరే లౌరో, మీ నాన్న పోయి ఎక్కడికెళ్ళాడురా?"

"మా నాన్న గొడవ ఇప్పుడెందుకక్కా?"

"చెప్పరా. ఇక్కడికేగా? మరి టిక్కెట్టు కొన్నాడా? తాగి గోడ దూకుంటాడు, బతికినన్నాళ్ళూ మా పెరట్లోకి దూకినట్టు!"

వరుసలో నిలబడ్డ జనం ఘొల్లుమన్నారు. లౌరో చెవులు మిరపపళ్ళయ్యాయి.

"రూలు నేను పెట్టానా అక్కా? పైవాళ్ళు పెట్టారు."

"నీ పైవాళ్ళకు పైవాళ్ళు ఆ రాళ్ళ కింద పడుకునున్నారు, లేపమంటావా? ఫొటోలు దిగేవాళ్ళు లోపలికి, మొగుడికోసం వచ్చింది బయటికా? ఇదిగో, ఇక్కడే కూర్చుంటున్నా. మీ దొరల్ని నన్ను తొక్కుకుంటూ వెళ్ళమను!"

అనడమే కాదు, గేటుకు అడ్డంగా కూర్చుంది కూడా. బస్సెడు జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. చివరికి ముసలామె లోపలికి, సాంబ్రాణి పాత్ర లౌరో చేతిలోకి వెళ్ళాయి. "ఆర్పావో చూడు! ఊదుతూ ఉండు" అని సెనైదా పురమాయిస్తే, ఆమె తిరిగొచ్చేదాకా వాడు బుగ్గలు పొంగించి ఊదుతూనే ఉన్నాడు.

సెనైదా నోటికి అంత బలం ఎక్కడిదంటే, మొగుడు పోయాక ఆమెకు మిగిలిన ఆస్తి అదొక్కటే. బడికి వెళ్ళి నేర్చుకున్నది సంతకం, మగ్గం మీద నేర్చుకున్నది బతుకు. ఆ మగ్గంతోనే ఒక్కగానొక్క కొడుకు ఒదిలోన్‌ను పెంచింది, లారీ తోలడం నేర్పించింది, మక్రీనాను తెచ్చి పెళ్ళి చేసింది.

గేటు దగ్గరి తగువు కొండ ఊళ్ళకు పాకింది. అప్పట్నుంచి తమవాళ్ళను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ముందు సెనైదా వాకిట్లో దిగేవాళ్ళు. తాగడానికి వేడి చాక్లెట్టు పోసి, పడుకోవడానికి బల్ల చూపించేది. "మావాడు వచ్చాడా అమ్మా?" అని అడిగితే, "ఎందుకు రాడు? మా ఊరి దారి ఎవరూ తప్పరు" అని చెప్పి పంపేది.

"నువ్వేమన్నా చూశావా వదినా, అంత గట్టిగా చెప్తావు?" అని ఫిదెన్సియా ఒకసారి నిలదీసింది.

"దాహమని వచ్చినవాళ్ళకు నీళ్ళిస్తాం గానీ, బావిలోకి దిగి లోతు కొలుస్తామా?" అంది సెనైదా.

ఆ తర్వాత ఒదిలోన్ ఉత్తరాదికి సరుకు వేసుకుని వెళ్ళాడు. లారీ దొరికింది. రోడ్డు పక్కన, తలుపు తెరిచి, సరుకు సరుకులాగే ఉంది. మనిషి లేడు.

అత్తాకోడళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. కూర్చోమంటే కూర్చున్నారు, లేవమంటే లేచారు. లౌరోను ఊదించిన నోరు అక్కడ దేనికీ పనికిరాలేదు. తిట్టడానికి ఎదురొకడు నిలబడాలి గదా! వాళ్ళేమో అందరూ "అవునమ్మా, మీ బాధ మాకు తెలుసమ్మా" అనేవాళ్ళే. పరుపును గుద్దితే ఎవరికి తగులుతుంది?

ఇక ఆమెకు మిగిలినవి ఆదివారాలు. ఆదివారం ఇక్కడివాళ్ళకు టిక్కెట్టుండదు. మంచి శాలువా కప్పుకుని, వచ్చేపోయే జనంలో తానూ ఒకతెగా లోపలికి వెళ్ళేది. ఒకసారి ఫిదెన్సియా కూడా వెళ్ళింది. పుట్టి బుద్ధెరిగి ఆ ఊళ్ళోనే ఉన్నా, కట్టడాల కిందున్న సమాధి గదిలోకి దిగడం ఆమెకు అదే మొదలు. నడుం వంచి, ముందువాళ్ళ పిరుదులు చూసుకుంటూ దిగాలి. లోపల గోడలనిండా రాతిలో చెక్కిన మెట్టు మెట్టుగా తిరిగే ముగ్గు. తాము శాలువాల అంచుల్లో నేసేదీ అదే. సెనైదా ఒక మూలకు వెళ్ళి గోడమీద అరచెయ్యి ఆనించింది. ఎండల్లో వచ్చిన బిడ్డ ఒళ్ళు కాలుతోందా అని చూసినట్టు చూసింది. వెనకాల ఎవరో పిల్ల "జరగమ్మా, ఫొటో" అంది. జరగలేదు.

"లేడు వదినా," అంది చివరికి. ముఖం వెలిగిపోతోంది. "ఇక్కడికి రాలేదు. బతికే ఉన్నాడు."

మెట్లెక్కి ఎండలోకి వచ్చేసరికి ఆ వెలుగు కాస్తా పోయింది.

"ఇక్కడ లేనివాడు ఎక్కడున్నాడే మరి? ఏం తింటున్నాడు?"

ఫిదెన్సియా ఆమె చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించింది. ఆ పై ఆదివారం సెనైదా మళ్ళీ వెళ్ళింది. ఆ పైదీ వెళ్ళింది.

ఒదిలోన్ మాయమయ్యాక రెండోసారి చచ్చినవాళ్ళ పండగ దగ్గరపడింది. ఊళ్ళో గుమ్మం గుమ్మానికీ బంతిపూల రేకులతో దారులు వేస్తున్నారు. పోయినవాళ్ళు ఆ దారి పట్టుకుని ఇళ్ళకు వస్తారు, తమ పటం ముందు పెట్టింది తిని వెళతారు. మక్రీనా మొగుడి ఫొటో తుడిచి తెచ్చింది. ఫిదెన్సియా అప్పుడు అక్కడే రొట్టెలకు పంచదార పూత పూస్తోంది.

"ఈ ఏడైనా పటం పెడదాం అత్తయ్యా."

"బతికున్నవాడికి పటమేంటి? నీకు మతి పోయిందా?"

"పోయుంటే? ఊరంతా తింటుంటే మనవాడు మన గోడ పట్టుకుని ఆకలితో నిలబడాలా? నిరుడు అలాగే నిలబడ్డాడేమో, ఎవరు చూశారు?"

"పెడితే చంపినట్టేనే!"

"పెట్టకపోతే మాడ్చినట్టు."

సెనైదా నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏం వస్తుందోనని ఫిదెన్సియా చేతిలో పని ఆపింది.

"చాక్లెట్టు పొంగుతోంది, వెళ్ళి చూడు," అంది సెనైదా. పొయ్యి మీద ఏమీ లేదు. మక్రీనా ఫొటోను శాలువా మాటున దాచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పండగ ముందురోజు పొద్దున్నే ఫిదెన్సియా రాతిమీద మిరపకాయలు నూరుతుంటే సెనైదా పెరటి వైపు నుంచి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. కొంగులో తెచ్చిన పచ్చని వాసనాకులు నూరుడు రాయి పక్కన పెట్టింది.

"దిక్కులేని ఆత్మలకని మీ గుమ్మం బయట పళ్ళెం పెడతావుగా?"

"అందరం పెడతాంగా వదినా. నువ్వూ పెడతావు."

"నా చేత్తో వండలేను. నా చెయ్యి వాడికి తెలుసు." ఆకుల్ని ఇంకాస్త రాయి దగ్గరికి జరిపింది. "నువ్వు పసుప్పచ్చ మోలె కూర వండు, ఈ ఆకులేసి. కారం ఎక్కువ పడాలి, వాడికి కళ్ళనీళ్ళు రావాలి. పేరు అనకు. ఫొటో వద్దు. ఎవరో అనాథకు పెట్టినట్టు పెట్టు. మర్నాడు ఆ కూర నువ్వే నోట్లో వేసుకుని చూడు. పోయినవాళ్ళు తిన్న కూరకు రుచి పోతుందంటారుగా. పోయిందో, ఉందో, నువ్వు చూసుకో వదినా. నాకు మాత్రం చెప్పకు. నేను వచ్చి కాళ్ళు పట్టుకుని అడిగినా సరే, చెప్పకు."