నా మట్టి, అక్క పల్లం

మా మామగారు భూమి పంచినప్పుడు కొండవాలులో పైచెక్క మాకిచ్చారు, కిందిచెక్క బావగారి వాళ్లకిచ్చారు. పైది దక్కిందని ఆ రోజు పొంగిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నీరు పల్లమెరుగు అంటారు. నీరొక్కటే దిగిపోతే నాకేం బాధ? అరకు వాన నా మట్టిని వెంటేసుకుని మరీ దిగుతుంది. నా చెక్క తలమీద ఒక పెద్ద బండరాయి ఉంది. అది ఎండకి పగిలి, వానకి నాని, ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది. ఆ పెచ్చులే చితికి గులకలై, ఇసకై, మట్టై, వాలు వెంట జారి కింద పేరుకుంటాయి. పదో తరగతి పుస్తకంలో దీన్ని అవక్షేపం అన్నారు. లక్షల ఏళ్లకు అదే అణిగి మళ్లీ రాయవుతుందట. ఆ పాఠం రాసినవాడికి పల్లంలో తోటికోడలు ఉండి ఉండదు.

రాయి నాది, అరుగుదల నాది, పసుపు మాత్రం ఆవిడది! మా రెండిళ్లకీ ఏడాది బతుకు ఆ పసుపే. ఆమె దుంపలు అరచేయంత ఊరితే నావి వేలెడు దాటవు. రాళ్లు పేర్చి గట్టు కడితే వాన తన్నేసేది. వాన వెలిసినప్పుడల్లా కిందికెళ్లి అరిచేదాన్ని.

"అక్కా, ఆ మన్ను నాదే!"

"నీదైతే పిలుసుకోయే! ఎనక్కొస్తాదేమో సూద్దాం."

ఒళ్లు మండిపోయేది.

నిరుడు వానలకి కింద పారే గెడ్డ పొంగింది. తెల్లారి చూస్తే అక్క చెక్క సగానికి తెగిపోయింది, పసుపుతో సహా. ఆమె తడి మట్టిలోనే కూలబడి ఉంది.

"ఎల్లిపోనాదే సెల్లీ, మొత్తం ఎల్లిపోనాది" అంది.

తిక్క కుదిరిందని సంబరపడాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. అంతా నా మట్టేగా!

గెడ్డ మలుపు తిరిగి నెమ్మదించే చోట ఆ మట్టి మేట వేసింది. మళ్లీ పసుపు నాటేలోపు అది కొండెక్కాలి, లేకపోతే రాళ్లే మిగిలిన నాకూ, నేల తెగిన అక్కకీ పంట లేదు. నీరు తీశాక గంపలు పట్టుకుని దిగాం. అక్కడా నేను ఊరుకోలేదు.

"ఎర్రటిది నాదక్కా, కలిపీకు!"

"ఏటే నీ గోల" అంటూ ఆమె గంప నెత్తికెత్తుకుంది.

తన చెక్క దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. రొప్పుతూ పైదాకా ఎక్కి, నా బండరాయి పక్కన గుమ్మరించింది.

"అదేటక్కా, నీ చెక్క కిందుంది కదా!"

"తెల్సునే. నువ్వూ ఇక్కడే పొయ్యి. ఎలాగూ నాకాడికే వచ్చీస్తాది."