చక్కెరకేళికి సీటు బెల్టు

నేను రిటైరవడానికి పదకొండు నెలల ముందు, జూలై మొదటి సోమవారం, రావులపాలెం చుట్టుపక్కల మండలాలు చూసే ఒక యూనిట్ ఆఫీసులో మోటారు వాహనాల తనిఖీ అధికారిగా చేరాను. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంటారు. మేము బ్రేకులే కాదు, లైట్లు, టైర్లు, బాడీ కొలతలు, కాగితాలు అన్నీ చూస్తాం. ఈ సంగతి సర్వీసంతా చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు కనుక ఇక్కడ రాసిపెడుతున్నాను.

చేరిన రోజున మా పై అధికారి నన్ను నిలబెట్టే మాట్లాడారు. గదిలో ఇంకో కుర్చీ ఉంది. దాని మీద ఆయన టిఫిన్ క్యారియరు ఉంది. తర్వాత జరిగినదానికీ దీనికీ సంబంధం లేదు. కానీ జరిగింది.

అవి ఊడ్పుల రోజులు. డెల్టాలో ఇప్పుడు చాలాచోట్ల నాట్లు వేసేది బెంగాల్ నుంచి వచ్చే జట్లే. అలాంటి ఒక జట్టును సత్తిబాబు గారనే రైతు పెట్టుకున్నారు. ఆయనకు వరి పొలం, అరటి తోట, ఒక లోడు వ్యాను ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఆ జట్టులోని పద్దెనిమిది మందీ వ్యాను వెనక నిలబడి, అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని, కాలువ గట్టు మీదుగా పొలానికి వెళ్లేవారు. సరుకు బండి వెనక మనుషుల్ని ఎక్కించడం నేరం. నేను ఆపి చెక్ రిపోర్టు రాసేవాణ్ని. అంటే ఫలానా బండి ఫలానా తప్పు చేసిందని నమోదు చేసే కాగితం. యజమాని తప్పు ఒప్పుకుని రుసుము కడితే అంతటితో సరి. మర్నాడు అదే బండి, అదే తాడు.

మూడోసారి ఆపినప్పుడు సత్తిబాబు గారే నడుపుతున్నారు. పక్క సీట్లో మడత పెట్టిన తువ్వాలు, దాని మీద ఒక చక్కెరకేళి గెల, గెల చుట్టూ సీటు బెల్టు. నేను దాని వంక చూడటం చూసి ఆయనే చెప్పారు.

"తోటలో తొలి గెలండి. అన్నవరం స్వామికి మొక్కు. కుదుపులకి కమిలిపోద్దని బెల్టు పెట్టానండి."

"వెనకున్న వాళ్లో?" అన్నాను.

"ఆళ్లకేంటండీ, కాళ్లున్నాయి కదా, నిలబడతారు. పోనీ ఇన్‌స్పెక్టరుగారూ, మీరొచ్చి ఊడుస్తారా? పంచె నేనిస్తాను."

వెనక ఎవరో నవ్వారు. నేను చెక్ రిపోర్టు రాస్తూ ఉంటే మాలతి అనే మనిషి తాడు వదిలి తన ఎడమ మణికట్టు నాకు చూపించింది. కిందటేడు ఇలాంటి బండే మలుపులో ఒరిగితే విరిగి, వంకరగా అతుక్కుందట. వచ్చీరాని తెలుగులో అంది: "ఒక చెయ్యి అయిపోయింది సార్. ఇంకా ఒకటి ఉంది."

ఆ రెండో చెయ్యి సంగతి నేను పై అధికారికి రాశాను. ఊడ్పుల రోజుల్లో నలుగురైదుగురు రైతులు కలిసి, సీట్లూ పర్మిటూ ఉన్న మినీబస్సును అద్దెకు తీసుకునేలా మన ఆఫీసు పూనుకోవాలని ప్రతిపాదించాను. మూడు ఉత్తరాలు పెట్టాను. మూడింటి మీదా ఆకుపచ్చ సిరాతో "చూశాను" అని రాసి వెనక్కి పంపారు. మూడోదాన్ని తలకిందులుగా పట్టుకుని సంతకం చేసినట్టున్నారు.

ఆ నెలలోనే సత్తిబాబు గారి వ్యాను ఎఫ్.సి.కి వచ్చింది. బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనని మేమిచ్చే ధ్రువపత్రం అది. ఎఫ్.సి.కి ముందు బండికి రంగు వేయించడం మన దగ్గర పెళ్లికొడుకుని చేసినంత పని. ఆ పని మా ఆవరణ పక్కనే ఉండే పెయింటర్ అప్పారావు చేసేవాడు. బరువులూ పేర్లూ రాస్తాడు. ఎవరైనా బొమ్మ అడిగితే ఇక అతనికి పండగే. సత్తిబాబు గారు "మంచి బొమ్మొకటి వెయ్యరా, మార్కెట్టంతా చూడాలి" అని చెప్పి వెళ్లిపోయారు.

ఏ బొమ్మ వెయ్యమంటారని అప్పారావు టీ దగ్గర నన్నడిగాడు. అలాంటి విషయాల్లో శాఖ సలహా ఇవ్వకూడదని చెప్పాను. తర్వాత, ఊరికే మాటల్లో, గట్టు మీద నేను చూసింది చూసినట్టు వర్ణించాను. అతను టీ చల్లార్చుకుని విన్నాడు.

"ఎక్కడ వేస్తే ఎఫ్.సి.కి అడ్డం రాదండీ?"

వెనక డోరు లోపలి వైపు ఏముండాలో నిబంధనల్లో ఎక్కడా లేదన్నాను. ఇది నిజం. కావాలంటే చూసుకోవచ్చు.

తనిఖీ రోజున హారను, వైపర్లు, బ్రేకులు, రిఫ్లెక్టరు టేపు చూశాను. వెనక డోరు మూసి ఉంది, గడియలు బిగుతుగా ఉన్నాయి. బయటి వైపు ఒక తామర పువ్వు. సంతకం చేశాను.

మర్నాడు రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు దించడానికి వ్యాను డోరు కిందికి వేశారు. లోపలి వైపు బయటికి తిరిగింది. బొమ్మలో డ్రైవరు పక్కన గెల దర్జాగా బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. వెనక పద్దెనిమిది మంది తాడు పట్టుకుని వేలాడుతున్నారు. అప్పారావు ఆ జట్టు ఉండే షెడ్డుకి వెళ్లి ఒక్కొక్కరి ముఖం చూసి వచ్చి మరీ వేశాడు. ముఠా కూలీలు గెలలు వదిలేసి చుట్టూ చేరారు.

"బాబుగారూ, గెలకి టిక్కెట్టు తీశారా అండీ?" అని ఒకడు.

"వచ్చే జన్మలో చక్కెరకేళిగా పుట్టాలిరా" అని ఇంకొకడు.

సత్తిబాబు గారు డోరు ఎత్తబోయారు. దించాల్సిన గెలలు ఇంకా లోపలే ఉన్నాయి.

నవ్వులతోనే అయిపోతే నేనిది రాసేవాణ్ని కాదు. ఆ మర్నాడు పొద్దున్న షెడ్డు దగ్గర మాలతి డోరు తనే దించింది. బొమ్మలో వంకర మణికట్టు చూసి తనను గుర్తుపట్టింది. మిగతా వాళ్లూ ఒక్కొక్కరే తమను వెతుక్కున్నారు. తర్వాత ఎవరూ ఎక్కలేదు. పద్దెనిమిది మందీ గట్టు మీద కూర్చున్నారు. అప్పటికే పొలంలో నారు పీకి కట్టలు కట్టి ఉంది. పీకిన నారు ఎండకు ఆగదు. సత్తిబాబు గారు ముందు అరిచారు, తర్వాత బతిమాలారు, తర్వాత ఫోన్లు చేశారు. పది దాటకముందే ఒక మినీబస్సు వచ్చింది. ఊడ్పులు అయ్యేదాకా ఆ జట్టు సీట్లలో కూర్చునే వెళ్లింది. మాలతి కిటికీ పక్కన కూర్చునేది.

బొమ్మ వెనక ఉన్నది నేనేనని సత్తిబాబు గారు నా మీద ఫిర్యాదు చేశారు. పై అధికారి మెమో ఇచ్చారు. నేను ఏడు పేజీల సంజాయిషీ రాసి, ఆకుపచ్చ "చూశాను"లు మూడూ జతచేసి, ఒక నకలు జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పంపాను. మెమో ఆ వారమే ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత వచ్చిన రోడ్డు భద్రతా వారోత్సవాల్లో అప్పారావు చేత ఆ బొమ్మ పెద్ద బోర్డు మీద వేయించి, ఆలోచన తనదేనని పై అధికారి ప్రసంగించారు. పత్రికలో ఫొటో పడింది. నేనూ ఉన్నాను, కుడి చివర, సగం. దాని మీద నేను రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు.

అన్ని వ్యాన్లూ మారలేదు. ఈ ఏడాదీ గట్టు మీద తాళ్లు చూశాను. నేను నేర్చుకున్నది ఒకటే. నేను రాసిన చెక్ రిపోర్టులన్నీ బండి యజమానికి, ఉత్తరాలన్నీ పై అధికారికి. ఆ బండి ఎక్కే మనిషికి మా శాఖ ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఎక్కాలా వద్దా అన్నది తేల్చుకోవాల్సింది ఆ మనిషే కాబట్టి, చెప్పేదేదో ముందు అక్కడ చెప్పాలి, చదవనక్కర్లేని విధంగా.