రుమాలు వద్దన్న నీలమ్మ

ఊరు నీలమ్మను అవమానించిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అయినా ఆమె గురించి చెప్పేటప్పుడు, ఊరు ఆమెను గౌరవించబోయిన సందర్భమే ముందు చెప్పాలి. అవమానాన్ని గుర్తుపట్టడానికి పెద్ద వివేకం అక్కరలేదు. నలుగురి ఎదుట గౌరవంగా చేతికి అందించినదాన్ని ఒకసారి తిప్పి చూసి, ఇది నాది కాదని మర్యాదగా వెనక్కి ఇవ్వడానికి మాత్రం తానెవరో తనకు తేటగా తెలిసి ఉండాలి.

నారాయణఖేడ్ నుంచి సిర్గాపూర్ వైపు బండ్లబాట పట్టి పోతే నల్లరేగడి చేన్ల నడుమ ఒదిగి ఉండే చిన్న పల్లె ఆమెది. నిజాం పాలన ముగియడానికి ఆరేడేళ్ల ముందు, ఒక ఎండాకాలంలో ఆమె భర్త సంగమేశ్వర్ జ్వరంతో పోయాడు. ఇంట్లో అత్త భీమమ్మ, పెండ్లి కాని మరిది దేవప్ప మిగిలారు. ఉన్నది నాలుగెకరాల రేగడి. భాద్రపదం చివరి అమావాస్య, పెత్రమాస, దాటి వానలు వెనకబట్టాక, నేలలో పదను ఉండగానే జొన్న విత్తాలి. ఆ పదను ఎవరి కోసమూ ఆగదు.

విత్తడానికి గొర్రు కావాలి. ముందు ఎడ్లు, పక్కన పగ్గాలు పట్టిన మగమనిషి, వెనుక ఒడిలో జొన్నలు పోసుకున్న ఆడమనిషి. ఆమె గుప్పిట్లోంచి గింజలను గొర్రు మీది జడ్డిగంలోకి, అంటే ఆ చెక్క గిన్నెలోకి, వదులుతూ నడవాలి. అక్కడి నుంచి గింజలు వెదురు గొట్టాల గుండా మూడు సాళ్లలో పడతాయి. బొటనవేలు బిగిస్తే సాలు ఖాళీ పోతుంది, వదులైతే మొలకలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. నీలమ్మ బొటనవేలికి ఆ లెక్క ఎవరూ నేర్పలేదు. ఏడేళ్లుగా ఊరి పెద్ద మాణిక్యప్ప పటేలు చేనులో కూడా ఆమె చేతి విత్తనమే పడుతూ వచ్చింది.

ఇప్పుడు ఆ చేతికి గాజులు లేవు. బొట్టు లేని ఆడది విత్తనం ముడితే పంట అచ్చిరాదని ఆ ఊరి నమ్మకం. భర్త పోయిన స్త్రీ కలుపు తీయవచ్చు, కోత కోయవచ్చు, జొన్నకంకులు మోయవచ్చు. గొర్రు వెనుక మాత్రం నడవకూడదు.

"ఈపారి నా చేన్ల నేనే పోస్త అత్తా," అంది నీలమ్మ ఒక పొద్దున.

భీమమ్మ చేట పక్కన పెట్టింది. "నీ మామ పోయేనాటికి నాకు పాతికేండ్లు నిండలే. గా దినం సంది గొర్రు ముట్టలే నేను. సచ్చిన్నా?"

"సావలే. గని గొర్రు పోతుంటె గడపల కూసొని కన్నార్పకుంట సూస్తవు. నేనొచ్చిన సంది సూస్తున్న."

భీమమ్మ చేట మళ్లీ అందుకుంది. "పని సూస్కో పో," అంది. ఆచారాన్ని గట్టిగా కాపాడేవారిలో దానివల్ల నష్టపోయినవారే ఎక్కువగా కనిపిస్తారు. తాము చెల్లించిన మూల్యం వృథా అని ఒప్పుకోవడం కన్నా, తరువాతివాళ్ల చేత కూడా చెల్లించమనడం మనసుకు తేలిక.

గొర్రు పటేలుది. సొంత గొర్రు లేని ఇండ్లకు అదే వరుసగా తిరిగేది, వరుస పటేలు చెప్పేవాడు. దాన్ని అడగడానికి దేవప్ప వెంట నీలమ్మ కూడా పటేలు కొట్టానికి వెళ్లింది. అక్కడ నలుగురైదుగురు రైతులున్నారు. గోడవారగా కిష్టవ్వ గడ్డి సర్దుతోంది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది.

నీలమ్మ అడిగింది విని, పక్కచేను జగన్నాథ్ నవ్వాడు. "ఇయ్యాల బొట్టు లేకుంట గొర్రు వడతనంటది. రేపు మీసాలు వెట్టుకుంటనంటది."

"మీసాలు నాకెందుకు జగన్నాథ బావా. నీకే సక్కగ మొలుస్తలేవు," అంది నీలమ్మ.

అందరూ నవ్వారు. పటేలు కూడా నవ్వాడు. ఆయన దుర్మార్గుడు కాడు. తన చేనులో ఆమె చెయ్యే పడాలని ఆయనకు ఉంది, ఊరి కట్టుబాటు మీరకూడదనీ ఉంది. ఆమె అడగబోతోందని ముందే చెవిన పడడంతో, రెండింటికీ సరిపడే ఉపాయం ఒకటి రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నాడు.

"సంగమేశ్వర్ రుమాలు ఇంట్ల ఉంటదిగదా నీలవ్వా. అది తలకు సుట్టుకొని రా. రుమాలు సుట్టినంక నువ్వు మొగోని లెక్కనే. మొగోన్ని బొట్టేదని ఎవ్వడడుగుతడు? ఊరికీ అడ్డం లేదు, దేవునికీ అడ్డం లేదు. అసలు నువ్వు ఆడిదానివా, పదిమంది మొగోళ్ల పెట్టు."

రైతులు తలలూపారు. ఆ ఊళ్లో ఒక స్త్రీకి అంతకన్నా పెద్ద ప్రశంస అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. దేవప్ప ముఖం వెలిగింది.

"వద్దు పటేలా," అంది నీలమ్మ.

"ఏంది వద్దు?"

"రుమాలు వద్దు. నేను మొగోన్ని గాను, అయ్యేది లేదు. ఏడేండ్లు నీ చేన్ల పోసింది ఆడిదే."

"గప్పుడు నీకు మొగడుండె."

"మొగడు పగ్గాలు వట్టె, నేను గింజ పోస్తి. మొగడు పోయిండు, చెయ్యి పోలె." ఆమె కొంగు సర్దుకుంది. "నీ ఇల్లాలు పోయి మూడేండ్లాయె. గొర్రుకు కొబ్బరికాయ నువ్వే కొడ్తున్నవు. ఎవ్వలన్న అడ్డం జెప్పిన్రా? తప్పువట్టి అంటలేను. మంచిగనే కొడ్తున్నవు. నన్నుగూడ గట్లనే పొయ్యనియ్యిమంటున్న."

పటేలు ఇంకో మెట్టు దిగాడు.

"సరే, రుమాలు లేకుంటనే రా. నీ ఒక్కదానికి ఊరు ఒప్పుకుంటది. నీ చెయ్యి గసోంటిది."

అడిగింది దొరికింది. అక్కడితో ఆగిపోతే తప్పుపట్టేవారు లేరు. నీలమ్మ గోడవైపు చూసి, "మరి కిష్టవ్వక్కకు?" అని అడిగింది.

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. అందులో కిష్టవ్వ నవ్వు కూడా ఉంది. "నన్నెందుకు గుంజుతవే. నేను పోస్తె సాలు ఒక దిక్కు, జొన్న ఒక దిక్కు."

"నీ మొగడుండంగ నీ చెయ్యి మంచిదా కాదా అని ఎవ్వలన్న జోకిన్రా అక్కా?"

"యాడ జోకిన్రు. తిట్టిన్రు, పోయనిచ్చిన్రు."

"ఇప్పుడుగూడ గంతే. తిట్టన్రి, పోయనియ్యన్రి."

పటేలు ముఖం బిగుసుకుంది. "నీకిస్తె సాలదు, ఊరందరికి కావాలె నీకు. ఐతే గొర్రు నీ చేన్లకు ఆఖరికొస్తది. గప్పటిదాంక పదనుంటె పోస్కో."

నాలుగెకరాలే ఆ ఇంటి ఏడాది తిండి. ఆ సంగతి అక్కడున్నవారందరికీ తెలుసు. నీలమ్మ వెనుదిరిగి వచ్చేసింది.

ఆ తరువాతి రోజుల్లో ఊరు ఆమె మాటకు రకరకాల అర్థాలు చెప్పుకుంది. మగవాళ్ల మీద కక్ష పెట్టుకుందన్నారు. ఇవాళ గొర్రు, రేపు చావడి, ఎల్లుండి పెత్తనం అన్నారు. భర్త పోయిన దుఃఖంతో మతి చెదిరిందని జాలిపడ్డవారూ ఉన్నారు. వదినె కొంగు పట్టుకొని తిరుగుతున్నాడని దేవప్పను వెక్కిరించారు. దేవప్ప మాటకారి కాడు. ఒకసారి మాత్రం జగన్నాథ్‌తో అన్నాడు: "వదినె నా పగ్గాలు అడగలే. గొర్రుకు ముందట ఒకలు, ఎనుక ఒకలు ఉండాలె. ఎనుక మనిషి లేకుంటె నేను ఉత్త నేల గీక్కుంట పోవాల్నా?"

స్త్రీవాదం అన్న మాట నీలమ్మ బతికుండగా ఆ పల్లెకు చేరలేదు. ఆ మాట వాడుకలోకి వచ్చాక దాని మీద వేసిన అపనిందలన్నీ మాత్రం ఆ వారం రోజుల్లోనే, ఆ పల్లెలోనే, పేరు లేకుండా పుట్టాయి. పురుషద్వేషమనీ, పురుషుణ్ణి అనుకరించడమనీ, పెత్తనం కోసం పెనుగులాట అనీ. వీటికన్నా లోతైన పొరపాటు పటేలు మెప్పులో ఉంది. స్త్రీకి చోటు దొరకాలంటే ఆమె అసాధారణురాలై ఉండాలన్నది ఆ పొరపాటు. అసాధారణురాలికి తలుపు తీసి, మిగిలినవాళ్లకు మూసి ఉంచడానికి ఏ కట్టుబాటుకూ కష్టం లేదు. పైగా అలా లోపలికి వెళ్లినవారే తరచు ఆ తలుపుకు మంచి కాపలాదారులవుతారు. నీలమ్మ ఆ కాపలా పనికి ఒప్పుకోలేదు. ఆమె చెయ్యి గొప్పదే. కానీ తన హక్కును ఆ గొప్పతనం మీద నిలబెట్టలేదు, కిష్టవ్వ మామూలు చేతి పక్కన నిలబెట్టింది. మెచ్చుకోవడానికి తొందరపడకూడదనుకునేవారు కూడా ఇక్కడ కొంచెం ఆగి, తల వంచక తప్పదు.

నేల ఆరుతూ వచ్చింది. పటేలు చేనులో రెండు రోజులు జగన్నాథ్ భార్య శివమ్మ విత్తింది. తరువాత తన చేను ఉందని వెళ్లిపోయింది, మిగిలిన ఆడవాళ్లూ ఎవరి చేన్లలో వాళ్లు ఉన్నారు. సగం చేను మిగిలింది. ఇక్కడ నీలమ్మ పొద్దున్నే తన చేనుకు వెళ్లి, మట్టి పెళ్ల ఒకటి తీసి పిడికిట్లో నలిపి చూసి ఇంటికి వచ్చేది. మట్టి ఇంకా ముద్ద కడుతోంది. నిన్నటంత కాదు.

అలా వచ్చిన ఒక పొద్దున, గడప ముందు పటేలు నిలబడి ఉన్నాడు.

"పదను పోతుంది నీలవ్వా."

"నాదిగూడ పోతుంది పటేలా."

ఆయన కాసేపు కర్రతో నేల గీశాడు. "కిష్టవ్వను పిలిచిన. వాగు పక్క చేనుచెక్కల అది పోస్తది, తతిమ్మది నువ్వు పొయ్యి. నీ చేన్లకు రేపే గొర్రు. గని నేను ఒప్పుకున్ననని అనుకోకు."

"అనుకుంటలేను. గొర్రు యాడుంది?"

ఆమె బయలుదేరుతుంటే భీమమ్మ వెనుక నుంచి పిలిచింది. ఏమంటుందోనని దేవప్ప వెనక్కి తిరిగాడు. "ఎండున్నది. కొంగు నెత్తి మీదికి గుంజుకో," అంది ముసలామె. తాను మాత్రం బతికినన్నాళ్లూ గొర్రు ముట్టలేదు. కానీ ఆ రోజు నుంచి ఎవరినీ తన ఎదుట కోడలిని ఒక మాట అననివ్వలేదు.

దేవప్ప పగ్గాలు పట్టాడు. నీలమ్మ బోసి నుదుటితో, గాజులు లేని చేతితో, ఒడి నిండా పటేలు జొన్నలతో గొర్రు వెనుక నడిచింది. గట్టు మీద నిలబడి చూడడానికి ఊరు సగం వచ్చింది. చూడడానికి అక్కడ వింత ఏమీ లేదు. పోయిన ఏడాది నడిచినట్టే నడిచింది. మధ్యాహ్నం దాటాక వాగు పక్క చెక్కలో కిష్టవ్వ వంతు వచ్చింది. ఆమె గట్టు మీది జనం వైపు చూసి ఆగింది. "తిట్టేటోళ్లు తిడ్తరు, నువ్వు నడువు," అంది నీలమ్మ.

పది పన్నెండు రోజులకు మొలక తేలింది. నీలమ్మ విత్తిన మేర సాళ్లు దారం పట్టినట్టున్నాయి. వాగు పక్క చెక్కలో ఒకచోట పచ్చగా గుబురు, ఒకచోట ఉత్త నేల. ఆడవాళ్లు కలుపు తీయడానికి వచ్చిన పూట జగన్నాథ్ గట్టు మీద పటేలు పక్కన ఆగి, అందరికీ వినపడేలా అన్నాడు: "సూసినవా పటేలా. బొట్టు లేని చెయ్యి వడితె గిట్లనే ఉంటది."

నీలమ్మ తలెత్తింది. కిష్టవ్వ కలుపు పీకడం ఆపింది. పటేలు అవునంటే చాలు, వచ్చే ఏడాదికి గొర్రు మళ్లీ భర్త పోయినవాళ్లకు దూరమవుతుంది.

పటేలు గట్టు దిగి, సాళ్ల వెంట కొంత దూరం నడిచి, వంగి ఒక గుబురును వేళ్లతో విడదీసి చూశాడు.

"బొట్టుది గాదు," అన్నాడు చివరికి. "గిది కిష్టవ్వ చెయ్యి. దాని మొగడుండంగ గూడ గిట్లనే తగలవెట్టేది. మీ నాయిన చేన్ల పోసింది యాదికి లేదా నీకు?"

కిష్టవ్వ ముందుకు వచ్చింది. "గప్పుడు ఇంకా అధ్వానం ఉండె పటేలా. ఇప్పుడు జర నయం."

ఆ పూట ఆ చేనులో ఒక స్త్రీ తప్పు ఆ స్త్రీదే అయింది. ఆమె నుదుటిది కాలేదు, ఆడజాతి మొత్తానిది కాలేదు. ఆ ఊళ్లో మగవాళ్ల తప్పులు ఎప్పటి నుంచో అలా ఎవరివి వాళ్లవే.

"వచ్చే ఏడు నా చేన్ల వద్దుగని, జగన్నాథ్ చేన్ల పొయ్యి," అన్నాడు పటేలు.

జగన్నాథ్ మీసం తడుముకుంటూ కిష్టవ్వ వైపు చూశాడు. "జర పల్సగ పొయ్యవ్వా మరి," అన్నాడు.