మేడ గదిలో ఎవరూ లేరు

లోరెట్ పిన్నికి అబద్ధమాడటం చేతకాదు. చర్చి హాల్లో బింగో ఆడేటప్పుడు ఇంకొక్క అంకె తగిలితే గెలుస్తాననగానే చెవులు ఎర్రబడతాయి, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ సంగతి తెలిసిపోతుంది. బడి వంటగదిలో ముప్పయ్యేళ్ళు గరిటె తిప్పి ఈ ఊళ్ళో సగం మంది కడుపు నింపిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, పొద్దుటి నుంచీ బడి గిన్నెలు తోమి ఇంటికొచ్చాక ఇంకొకడి గిన్నె తోమే ఓపిక లేదనేది. అలా అన్న మనిషే తమ్ముడి గిన్నె ఇరవై ఏళ్ళుగా తోముతోంది.

ఆ తమ్ముడు డెల్ఫిస్. అడవిలో చెట్లు కొట్టేవాడు. ఒక మాను వాలాల్సిన వైపు వాలకుండా వచ్చి కాలి మీద పడింది. పెళ్ళాం అంతకుముందే తన దారి తను చూసుకుంది. ఆసుపత్రి నుంచి అక్కే తీసుకొచ్చి, వాళ్ళ నాన్న కట్టిన ఇంట్లో వంటగది మీదున్న గది ఇచ్చింది. అప్పటినుంచీ కుంటుకుంటూనే శీతాకాలమంతా బంగాళాదుంపల షెడ్డులో కుళ్ళినవి ఏరే పనికి పోతాడు. మంచు పడకముందే ఫర్ చెట్ల కొమ్మలు నరుక్కొచ్చి, చలి దూరకుండా ఇంటి పునాది చుట్టూ పేరుస్తాడు. నోట్లో నాలుక లేదు. అక్క కూర్చోమంటే కూర్చుంటాడు, లెమ్మంటే లేస్తాడు. లోకంలో ఒక్క మనిషి మాటైనా ఇలా వినే మగవాడు ఉన్నాడంటే నేను నమ్మేదాన్ని కాదు, నా ఇల్లు వాళ్ళ ఎదురుగా లేకపోతే.

ఆ ఇంటి సంగతీ చెప్పాలి. నది అవతలి గట్టు నుంచి కెనడా గాలి లేచిందంటే పిన్ని వాళ్ళ ముందు గుమ్మంలో దూరి వెనక గుమ్మంలోంచి పోతుంది. కిటికీలకు ప్లాస్టిక్ కాగితం అంటించినా అది ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. పింఛనులో సగం ఇల్లు వేడి చేసే చమురుకే పోయేది. ఒక జనవరిలో నేను వెళ్ళేసరికి కోటు వేసుకుని, చేతులకు తొడుగులతో భోజనం చేస్తోంది. ఫోర్కు జారి కిందపడితే తియ్యడానికి కూడా బద్ధకించి చెంచాతో కానిచ్చింది.

ఆదాయం తక్కువున్న ఇళ్ళకు గోడల్లో, కప్పుల్లో చలి ఆగే సరుకు నింపి, సందులు మూసి, ఇంటిని వేడి చేసే పాత కొలిమి తీసి కొత్తది పెట్టే పథకం ఒకటుంది. ఖర్చంతా ప్రభుత్వానిదే. ఆ యేడు సెప్టెంబరులో దాని మనుషులు చర్చి హాల్లోనే బల్లలు వేసుకుని కూర్చుంటారని ప్రకటించారు. వెళ్ళు పిన్నీ అన్నాను. తోడు వస్తానన్నా వద్దంది. ఒంటరిగా వెళ్ళి, మధ్యాహ్నానికి మా వంటగదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఇంట్లో ఎంతమంది అని అడిగారు. ఒక్కదాన్నే అని చెప్పేశా" అంది.

మతిపోయిందా, డెల్ఫిస్ మామయ్య ఏమయ్యాడు అన్నాను. దానికావిడ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసింది. ఇంట్లో జీతం తెచ్చే మగాడున్నాడంటే చిల్లిగవ్వ ఇవ్వరంది. ఈ లోయలో మా అమ్మలందరికీ తెలిసిన విద్య ఇది. వాళ్ళ కాలంలో సాయం ఇచ్చే ఉద్యోగి వస్తున్నాడని వీధి మొగలో కబురు రాగానే, మగవాళ్ళు వెనక దారిన అడవిలోకి పోయేవాళ్ళు, వాళ్ళ బూట్లు పిండి పెట్టెలోకి పోయేవి. పిల్లలకు కూడా నేర్పేవాళ్ళు, నాన్న ఎక్కడని అడిగితే తెలీదనమని. పిన్ని అలా అన్న పిల్లల్లో ఒకతె. అప్పటి రూళ్ళు పోయి ఎంతకాలమైందో ఎవరికి తెలుసు, ఆవిడకి మాత్రం ఆ ఉద్యోగి ఇంకా వీధి మొగలోనే ఉన్నాడు. వెళ్ళి ఎవరినైనా అడుగుదామంటే, "నోర్ముయ్యవే జిజెల్, అడిగితే అనుమానం వస్తుంది" అంది.

అక్టోబరులో ఇల్లు పరీక్ష చెయ్యడానికి వస్తామన్నారు. ముందురోజు డెల్ఫిస్ మంచం, పరుపు, బట్టలు మా గ్యారేజీలోకి వచ్చాయి. మోసుకొచ్చింది డెల్ఫిసే. అక్క కొసన పట్టుకోబోతే నడుం పట్టేస్తుందని కసిరాడు. అన్నీ పెట్టాక, మరి నేనెక్కడికి పోవాలని అడిగాడు. కోపంగా కాదు, పని ఎక్కడో చెప్పమన్నట్టు అడిగాడు. కొన్నాళ్ళు కనపడకుండా ఉండు చాలు అంది పిన్ని. అతను తన ట్రక్కు మా ఇంటి వెనక ఆపి, చేపల వేటకు వాడే చెక్క గుడిసెలో పడుకున్నాడు. చివరికి ఆవిడ అతని పని బూట్లు తెచ్చి నిజంగానే పాత పిండి పెట్టెలో పెట్టింది. నవ్వొచ్చింది నాకు. ఇప్పుడు తలుచుకుంటే రావడం లేదు.

వచ్చినతను గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లో గాలంతా బయటికి లాగాడు. ఏ సందులోంచి చలి వస్తోందో అలా తెలుస్తుందట. తర్వాత మేడెక్కాడు. ఇక్కడెవరైనా ఉంటారా అని పైనుంచే కేకేసి అడిగాడు. ఎవరూ లేరు, పాత సామాను గది అంది పిన్ని. అయితే ఆ గదిని వేడి చెయ్యడం దండగ, వంటగది కప్పు దగ్గరే చలిని ఆపేద్దాం అన్నాడతను. అది మంచి సలహాయే. ఎవరూ లేని గదికి.

నవంబరులో పనివాళ్ళు వచ్చారు. మేడ గది నేలకు రంధ్రాలు పెట్టి, పెద్ద గొట్టంతో చలి ఆపే కాగితపు పొట్టు లోపలికి ఊదారు. వంటగది కప్పులో ఒక ఇనుప జాలీ ఉండేది. కింద పొయ్యి వేడి అందులోంచి పై గదికి పోయేది. డెల్ఫిస్ చలికాలాలన్నీ ఆ జాలీ పక్కనే గడిచాయి. దాన్ని పలక కొట్టి మూసేశారు. మెట్ల తలుపు వెనకాల మందపాటి దిండులాంటిది అంటించారు. గోడలన్నీ నింపారు. కొత్త కొలిమి పెట్టారు. వాళ్ళు వెళ్ళిన సాయంత్రం పిన్ని నన్ను పిలిచి కిటికీ దగ్గర కొవ్వొత్తి వెలిగించి చూపించింది. మంట కదల్లేదు. ఆవిడ కోటు తీసి మేకుకు తగిలించింది. వంటగదిలో కోటు లేకుండా ఆవిణ్ణి చలికాలంలో చూడటం నాకదే మొదలు.

డెల్ఫిస్ తన మంచం తను మోసుకుని మేడ మీదికి వెళ్ళాడు.

డిసెంబరు వచ్చింది. కింద వెచ్చగా ఉంది. పైన ఎలా ఉందో పిన్ని అడగలేదు, అతను చెప్పలేదు. మెట్ల తలుపు తెరిచి ఉంచితే సరిపోతుందని ఆవిడ అనుకుంది. కానీ కింది వేడి వృథా పోతుందని డెల్ఫిసే పైకి వెళుతూ దాన్ని గట్టిగా మూసి పోయేవాడు. ఒకరోజు పొద్దున్నే అతను పనికి పోయాక దుప్పట్లు ఉతుకుదామని పైకెళ్ళింది. మంచం పక్కన గ్లాసులో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. దిండు మీద ఉన్ని టోపీ ఉంది. పరుపు మీద అతని దుప్పటి, దాని మీద కోటు, కోటు మీద ట్రక్కు సీటు తొడుగు. ఆవిడ ఆ గ్లాసు పట్టుకునే వచ్చింది మా ఇంటికి, రోడ్డు దాటి.

ఆ రోజే ముందు గదిలో సోఫా మీద పక్క వేసి, కింద పడుకోరా అని బతిమాలింది. వద్దన్నాడట. పని చూడటానికి మళ్ళీ ఒకాయన వస్తాడని చెప్పారు కదా, ఎప్పుడొస్తాడో తెలీదు, కింద నా పక్క కనపడితే నీకు ముప్పు అన్నాడట. అప్పుడు గాని పిన్నికి తెలిసిరాలేదు, తమ్ముడు ఆ అబద్ధాన్ని తనకంటే శ్రద్ధగా కాపాడుతున్నాడని. ట్రక్కు ఇంకా మా ఇంటి వెనకే ఉంది. ఉత్తరాలు మా పెట్టెలోకి వస్తున్నాయి. బూట్లు చేత్తో పట్టుకుని పైకి తీసుకుపోతున్నాడు. మగవాళ్ళ గుడ్డలు కనపడకూడదని తన చొక్కాలు షెడ్డులోనే ఉతుక్కుంటున్నాడు. తిట్టినా బాగుండేది. తిట్టినవాడితో తగువాడొచ్చు, ఇలాంటివాణ్ణి ఏం చేస్తాం?

ఫిబ్రవరిలో చర్చి హాల్లో ఉడికించిన చిక్కుడు గింజల విందు జరిగింది. ఆ పథకంలో పనిచేసే నాడిన్ మా ఎదురుగా కూర్చుంది. మా ఊరి పిల్లే, పిన్ని చేతి సూపు తాగి పెరిగింది. పిన్ని గింజలు కెలుకుతూ, తనకు తెలిసినావిడ ఒకరున్నారని మొదలుపెట్టింది. ఆవిడకో తమ్ముడు, షెడ్డులో పని, ఇద్దరూ ఉన్నామని చెప్పుంటే ఏమయ్యేది అని అడిగింది. చెవులు చూసి నాడిన్‌కు ఎప్పుడో అర్థమైపోయింది. అయినా పిన్ని పెద్దరికం కాపాడింది.

"మనుషులు పెరిగితే ఆదాయం హద్దు కూడా పెరుగుతుంది పిన్నీ. షెడ్డు కూలీ ఎంతని, ఇద్దరున్నా సాయం వచ్చేసేది. పై గది కూడా చేసేవాళ్ళం" అంది.

ఇప్పుడు చేస్తారా అని అడిగింది పిన్ని. ఒకసారి చేసిన ఇంటికి మళ్ళీ చాలా ఏళ్ళు చెయ్యరట. ఆవిణ్ణి వచ్చి నిజం చెప్పమనండి, ఎవరూ ఏమీ అనరు, ఏదీ వెనక్కి తీసుకోరు అని నాడిన్ మెల్లగా చెప్పి, లేచి కాఫీ తెచ్చే నెపంతో వెళ్ళిపోయింది.

మా ఇంటి ముందు కారు ఆపాక పిన్ని దిగకుండా కూర్చుని ఏడ్చింది. జైల్లో పెడతామన్నా ఇంత ఏడ్చేది కాదు. శిక్ష లేదన్నదే ఆవిడకు పెద్ద శిక్ష అయింది. వెంటనే వెళ్ళి అతనికి చెప్పు, ఈ రాత్రికే కిందికి తెచ్చుకో అని కేకలేశాను.

"ఏమని చెప్పనే? నువ్వు చలికి గడ్డకట్టింది దేనికీ కాదురా, ఊరికే అని చెప్పనా?" అంది.

చెప్పలేదు. చెప్పే బదులు వండింది. రోజూ చికెన్ స్టూ, ప్లోయ్ అని మా లోయలో పోసే వేడివేడి అట్లు, మీద వెన్న, బెల్లంపాకం. అతను తింటుంటే ఎదురుగా నిలబడి నోరు తెరుస్తుంది, ఇంకో అట్టు వెయ్యనా అని మూసేస్తుంది. ఆ నెలలో డెల్ఫిస్ లావెక్కాడు, ఆవిడ చిక్కింది. బింగో మానేసింది. కింద గదిలో తన పక్క మీద దుప్పటి కప్పుకోకుండా పడుకుంటోందని నాకు తర్వాత తెలిసింది. అలా పడుకుంటే మేడ మీదున్నవాడికి ఏం ఒరుగుతుందని తిట్టాను. ఏమీ ఒరగదని తనకీ తెలుసంది.

మార్చి మొదట్లో ఒక పొద్దున డెల్ఫిస్‌కు వచ్చిన ఉత్తరాలు ఇవ్వడానికి నేను వెళ్ళాను. షెడ్డుకు సెలవు. అతను పొయ్యి దగ్గర నిలబడి అట్టు తింటున్నాడు. తలుపు కొట్టిన చప్పుడైంది. ఈ ఊళ్ళో వంటగది తలుపు ఎవరూ కొట్టరు, తోసుకుని వస్తారు. పని చూసేందుకు పైఊరి నుంచి వచ్చిన తనిఖీ ఆయన. పెద్దమనిషి, మర్యాదస్తుడు. బూట్లకు మంచు దులుపుకుని లోపలికి వచ్చి, ఇల్లు బాగా వెచ్చగా ఉందే అని మెచ్చుకున్నాడు. కొలిమి చూశాడు, కప్పు చూశాడు. తర్వాత, ఈ ఇంట్లో మీరొక్కరే కదమ్మా అన్నాడు.

పిన్ని బల్ల అంచు పట్టుకుంది.

"కాదండీ. ఇద్దరం. వీడు నా తమ్ముడు. పై గదిలో ఉంటాడు" అంది.

అనేసింది. ఆవిడ మొహంలో బరువు దిగినట్టు కనిపించింది. ఆయన తలెత్తి డెల్ఫిస్ వైపు చూశాడు. డెల్ఫిస్ పళ్ళెం పొయ్యి పక్కన పెట్టి, మూతి తుడుచుకుని నవ్వాడు. ఇరవై ఏళ్ళలో పరాయివాళ్ళ ముందు అతను అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినలేదు.

"లేదండీ, నేను చుట్టపుచూపుగా వచ్చా. అక్కకి పెద్దతనం, అప్పుడప్పుడు తడబడుతుంది. ఇదిగో, ఇప్పుడే బయల్దేరుతున్నా. ఆవిడొక్కతే ఉంటుందండీ, పైన ఎవరూ లేరు."

అక్కను కాపాడానన్న తృప్తి అతని మొహంలో స్పష్టంగా ఉంది. కోటు భుజాన వేసుకుని, బూట్లలో కాళ్ళు దూర్చి, తాళ్ళు కట్టుకోకుండానే బయటికి నడిచాడు. తనిఖీ ఆయన ఎటు చూడాలో తెలియక నా వైపు చూశాడు. నేనేదో చెప్పబోయేలోగా పిన్ని తలుపు బార్లా తెరిచి, ఇంటి చెప్పులతోనే మంచులోకి పరిగెత్తింది. వెనకే నేనూ వెళ్ళాను. రోడ్డు మధ్యలో అతని చెయ్యి దొరకబుచ్చుకుంది. ఈ వీధిలో ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

"ఎక్కడికి పోతున్నావురా? నీ ఇల్లు అదే. నువ్వున్నావని చెప్పినా ఇచ్చేవాళ్ళంట. చెప్పినా ఇచ్చేవాళ్ళురా డెల్ఫిస్. నేనే ఊరికే అన్నాను లేవని" అని అరిచింది.

అతను గాభరాగా ఇంటి వైపు చూశాడు. తన కోటు తీసి ఆవిడ భుజాల మీద కప్పాడు.

"మెల్లగా అక్కా, లోపల ఆయన వింటాడు" అన్నాడు.