బండిలో బొంతలు

జీవరత్నమ్మ, ఆమె భర్త నతానియేల్ పాస్టరుగారు ఒక పాత వ్యానునే ఇల్లుగా చేసుకుని ఉద్దానం ఊళ్లు తిరిగేవారు. అందులోకి మెత్తని ఫోం పరుపు కొందామని ఆయన సరదాపడ్డారు.

"సముద్రం గాలికి సెమ్మెక్కితే అది ఆరదండి. పగలు ఎక్కడెడతారు దాన్ని?" అందామె.

పలచని బొంతలే మేలంది. ఊరూరా ఆడవాళ్లిచ్చిన పాత చీరలతో తనే కుట్టేది. ఎండలో వేసి, మడతల మధ్య వేపాకు పెట్టి, సీట్ల కిందా, వెనక అరలోనూ, దిండు గలీబుల్లోనూ కూరేది.

తొంభై తొమ్మిది తుపానుకు కొబ్బరితోటలు కూలిపోయాయి, ఇళ్ల కప్పులు లేచిపోయాయి. మర్నాడు వాళ్ల వ్యాను ఒక ఊరి బడి ముందు ఆగింది. లోపల జనం తడిబట్టలతో వణుకుతున్నారు. జీవరత్నమ్మ బొంతలు తీయసాగింది. పసిపిల్లలకూ బాలింతలకూ ముసలివాళ్లకూ ఇచ్చినా ఇంకా వస్తూనే ఉన్నాయి. బడి గదంతా చీరల రంగులతో నిండిపోయింది.

"ఇంత సిన్న బండిలో ఇన్నెలగ పట్టినాయమ్మా?" అంది చంటిబిడ్డకు బొంత చుడుతున్న నూకరత్నం.

రోజూ వాటి మీదే పడుకునే పాస్టరుగారు కూడా బండినీ భార్యనూ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయారు.

"సూత్తన్నారేటి, అందుకోండి" అంది ఆమె, ఇంకో బొంత అందిస్తూ.

ప్రార్థన చేయబోయిన ఆయన రెండు చేతులూ చాచి ఆ బొంత అందుకున్నారు.