తవిటయ్య కుడిచెయ్యి

పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లనీ తవిటయ్య ‘మీరు’ అనేవాడు. పనిముట్లు అందించే ఖలాసీ అయినా, కూరగాయల బుట్ట మోసేవాడైనా, చేసిన తప్పే మూడోసారి చేసినవాడైనా, మీరే. నిమ్‌పురాలో అది వింత. బెంగాల్లో తెలుగువాళ్లుండే రైల్వే పేట అది. అక్కడ వర్క్‌షాపులో పని వచ్చినవాడెవడైనా తిట్లు తిని, దెబ్బలు తిని నేర్చినవాడే.

“ముప్పై ఏళ్లు కాపరం సేసినాను. నాకు ఒసే తప్ప మరో పిలుపు నేదు. తుక్కుబండి తోసుకొచ్చినోడికి మాత్తరం బాబూ, గారూనూ,” అనేది భార్య చిలకమ్మ, టీ గ్లాసులు అరుగు మీద పెడుతూ.

“నిన్నెప్పుడూ కొట్టనేదు కదే.”

“కొట్టు, సూద్దాం.”

ఆ మర్యాద అతను ఒక్క పూటలో నేర్చుకున్నాడు. 1951లో. అప్పుడతను ఫిట్టింగ్ షాపులో మిస్త్రీ. చిన్నారావు అనే ఇరవై రెండేళ్ల ఖలాసీ అడిగిన స్పానర్ కాక వేరేది అందించాడు. తవిటయ్య దాన్ని అందుకుని దానితోనే కొట్టాడు. చిన్నారావు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, “తప్పయిపోనాది మిస్త్రీగారూ,” అన్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. ఎడమకన్ను పోయింది. విచారణలో, ఇనపముక్క ఎగిరి తగిలిందని చిన్నారావే చెప్పాడు. తవిటయ్య పక్కనే నిలబడి ఆ మాట విన్నాడు. ఊరుకున్నాడు.

తర్వాత చిన్నారావు గోల్‌బజారులో బీడీల కొట్టు పెట్టుకున్నాడు. తవిటయ్య వారం వారం వెళ్లి అక్కడే బీడీలు కొనేవాడు. చిన్నారావు ఉన్న కన్నుతో చూసి, “రండి మిస్త్రీగారూ,” అనేవాడు. కట్ట అందించేవాడు. నేర్చుకునేవాడి మీద మళ్లీ చెయ్యెత్తనని తవిటయ్య అనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు. పద్దెనిమిదేళ్లు ఎత్తలేదు.

రిటైరయ్యాక నిమ్‌పురా చివర, ఇంటి పక్కనే, రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆ రోజుల్లో దొరల బంగళా తోటల్లో వాడి పారేసిన చేతి ట్రాక్టర్లు వేలంలో తుక్కు కింద పోయేవి. రెండు చక్రాలు, ఒకే సిలిండరు, వెనక పట్టుకుని నడవడానికి రెండు కొమ్ములు. ఝపటాపూర్ అవతల కూరగాయలు పండించేవాళ్లు వాటిని కొనేవాళ్లు. కొన్నాక ఏం చెయ్యాలో తెలియక తవిటయ్య దగ్గరికి తోసుకొచ్చేవాళ్లు. అతను బాగుచేసి ఇచ్చేవాడు కాదు. బాగుచేసుకోవడం నేర్పేవాడు. వాళ్ల చేతిలోంచి పనిముట్టు లాక్కునేవాడు కాదు. తప్పు బిగిస్తుంటే, “ఒకసారి సూసుకోండి బాబూ,” అనేవాడు. చూసుకునేదాకా కూర్చునేవాడు.

కొలిమి షాపు నుంచి వచ్చినవాళ్లకి మాత్రం మొదటి రోజే ఒక మాట చెప్పేవాడు. ఇంజను తిప్పే హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ తిప్పి బిగించకూడదు. సమ్మెట కొట్టేవాళ్లకి బొటనవేలు బిగించడం అలవాటు, లేకపోతే సమ్మెట జారి ఎదుటివాడి మీద పడుతుంది. కానీ ఇంజను ఒక్కోసారి వెనక్కి తంతుంది. బిగించిన పిడికిలి విడివడదు, ఎముక విరుగుతుంది. నిమ్‌పురాలో అప్పటికే ముగ్గురి చేతులు విరిగాయి. ముగ్గురూ సమ్మెటవాళ్లే.

1969 ఎండాకాలంలో నూకరాజు వచ్చాడు. కొలిమి షాపులో సమ్మెట కొట్టేవాడు. తన మీది మిస్త్రీ దవడ విరగ్గొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మిగిలిన డబ్బంతా పెట్టి ఒక చేతి ట్రాక్టరు కొన్నాడు. వానలు పడేలోగా అది నడిస్తే అద్దెకి దున్ని బతకొచ్చు. నడవకపోతే ఇంకేమీ లేదు. ముందు అతను లాగుతుంటే వెనక అతని భార్య హైమవతి తోస్తూ వచ్చింది. ఆమె మోచేతి మీద పాత కముకుదెబ్బ పచ్చబడి ఉంది. తవిటయ్య చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

తుప్పు పట్టిన నట్టుని నూకరాజు సుత్తితో బాదాడు.

“దెబ్బకి లొంగదు బాబూ. కిరసనాయిలు పోసి రేపటిదాకా ఒగ్గేయండి.”

“రేపటికి నీలాగ ముసిలిదైపోద్ది,” అన్నాడు నూకరాజు.

హైమవతి పక్కన కూర్చుని, విప్పిన నట్లని విప్పిన వరసలో పాత సత్తుపళ్లెంలో పేర్చింది. ఏది ఎక్కడిదో అడిగింది. ఒకసారి చెబితే మళ్లీ అడగలేదు.

“ఈవిడకి చెయ్యి కుదిరింది,” అన్నాడు తవిటయ్య.

“బండి నాది. ఆడదాన్ని మెచ్చుకుంటావేటి?”

ఎనిమిదో రోజుకి ఇంజను ముక్కలన్నీ మళ్లీ కూర్చారు. ఇక మిగిలింది నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో. రవ్వ ఏ క్షణంలో పడాలో దానితోనే సరిపెట్టాలి. చక్రం మీద గీత ఉంటుంది. గీత దాటకముందే రవ్వ పడితే ఇంజను వెనక్కి తంతుంది. నూకరాజు తనే బిగించాడు.

“గీతకి ముందే బిగించేసినావు,” అంది హైమవతి.

“నోర్ముయ్.”

“ఒకసారి సూసుకోండి బాబూ,” అన్నాడు తవిటయ్య.

“సూసినాను.”

“మళ్లీ సూసుకోండి. తిప్పకండి. బొటనవేలు...”

నూకరాజు పిడికిలి బిగించి, సమ్మెట ఎత్తినట్టే ఎత్తి తిప్పాడు. ఇంజను ఒక్కసారి దగ్గి వెనక్కి తన్నింది. మణికట్టు పుల్లలా విరిగింది. బొటనవేలు వెనక్కి మడతపడింది. నూకరాజు అరుపుకి బయట కాకులు లేచాయి. ఎడమచేత్తో హ్యాండిల్ ఊడబీకి ఇంజను మీద రెండు దెబ్బలు వేశాడు. తర్వాత హైమవతి వైపు తిరిగాడు.

“ఇదంతా నీ పాడునోట్లోంచి ఊడిపడిందే. నీ నోరే.”

ఇనప హ్యాండిల్‌తో ఆమె నోటి మీద కొట్టాడు. ఆమె సత్తుపళ్లెం మీద పడింది, నట్లు చెదిరాయి. ఒక పన్ను మట్టిలో పడింది. అతను మళ్లీ చెయ్యెత్తాడు.

తవిటయ్య చేతిలో పెద్ద స్పానర్ ఉంది. దాన్ని ఎప్పుడు తీసుకున్నాడో అతనికి గుర్తు లేదు. పక్కటెముకల మీద కొట్టాడు. నూకరాజు హ్యాండిల్ వదిలేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. అంతటితో పని అయిపోయింది. తవిటయ్య మళ్లీ కొట్టాడు. ఈసారి కుడిచెవి మీద. చెవిలోంచి నెత్తురు వచ్చింది. మూడోసారి చెయ్యి లేచేసరికి హైమవతి ఆ మణికట్టు పట్టుకుంది. ఆమె నోరంతా ఎర్రగా ఉంది.

“సాలు తాతా.”

మొదటి దెబ్బ ఆమె కోసం. రెండోది ఎవరి కోసమూ కాదు. రెండో దెబ్బకి చేతికి హాయిగా ఉంది. ఆ హాయి తవిటయ్యకి తెలిసినదే.

నూకరాజునీ హైమవతినీ రిక్షాల్లో ఆస్పత్రికి తీసుకెళ్లారు. కాంపౌండరు ఏమైందని బెంగాలీలో అడిగాడు.

“మిషను తన్నింది,” అన్నాడు నూకరాజు నేలకేసి చూస్తూ.

“సెయ్యి మిషను ఇరగ్గొట్టింది. సెవి నాను కొట్టినాను,” అన్నాడు తవిటయ్య. కాంపౌండరు కాగితం మీంచి తలెత్తాడు. తవిటయ్య అదే మాట బెంగాలీలో చెప్పాడు. తర్వాత ఠాణాలో కూడా చెప్పాడు. ఒక రోజంతా కూర్చోబెట్టి, నూకరాజు కేసు వద్దనేసరికి పంపేశారు.

షెడ్డుకి తాళం వేశాడు. ముగ్గురు నలుగురు బండ్లు తోసుకొచ్చి, పిలిచి, వెళ్లిపోయారు. పదో రోజున హైమవతి వచ్చింది.

“మూసేసినానమ్మా. మరొకరిని సూసుకోండి.”

“మబ్బులట్టేసినాయి. నీ మనసు కుదుటపడేదాకా వాన ఆగుద్దా?”

“నా సెయ్యి మంచిది కాదు.”

“నీ సెయ్యి నాకెందుకు తాతా? నోరుంది కదా.”

చిలకమ్మ ఇంట్లోంచి తాళంచెవి తెచ్చి ఆమెకిచ్చింది. తవిటయ్య ముక్కాలిపీట షెడ్డు గుమ్మం అవతల వేసుకుని కూర్చున్నాడు. పనిముట్లన్నీ ఆమె వైపే. అతని చేతులు ఖాళీ. అక్కడ్నుంచే చెప్పాడు. ఆమె మాగ్నెటో వదులు చేసి గీతకి సరిపెట్టింది. బొటనవేలు వేళ్ల పక్కన పెట్టి హ్యాండిల్ పైకి లాగింది. నాలుగోసారి ఇంజను అందుకుంది.

ఆ ఏడు ఆమె ఝపటాపూర్ అవతల పదకొండు మళ్లు దున్నింది. తవిటయ్య ఆ తర్వాత ఎవరికి నేర్పినా గుమ్మం అవతలే కూర్చున్నాడు.

దసరా వెళ్లాక నూకరాజు బండితో వచ్చాడు. కట్టు విప్పారు గాని కుడి బొటనవేలు వంగదు. చెవి వినపడదు. తల పక్కకి తిప్పి మాట్లాడుతున్నాడు.

“దానికొచ్చింది నాకు రాదా? నాకూ సెప్పు.”

“రండి, నూకరాజుగారూ.”

అతను లోపలికి వెళ్లి గోడనున్న స్పానర్లలో పెద్దది ఎడమచేత్తో తీశాడు. గుమ్మం దగ్గరికి తెచ్చాడు. దాన్ని పైకెత్తి, తవిటయ్య తలకి మూరెడు దూరంలో నిలబడ్డాడు. ఇంట్లో చిలకమ్మ గ్లాసులు కడగడం ఆపింది. తవిటయ్య పీట మీంచి లేవలేదు. చేతులు మోకాళ్ల మీంచి తియ్యలేదు.

“ఆ బండి నట్టుకి అది పెద్దదవుద్ది బాబూ,” అన్నాడు. “దాని పక్కది తీసుకోండి.”

నూకరాజు చెయ్యి ఇంకా పైనే ఉంది.