నైలాన్ గంజి

రాయచూరు జిల్లా మాన్వి దగ్గర ఒక రైస్ మిల్లులో బాయిలర్ చూసుకునేవాణ్ణి. పొయ్యిలోకి ఊక ఎగదోస్తూ రోజంతా మంట ఎదురుగా నిలబడే పని. ఓ ఎండాకాలం యజమాని మాకు మంట అంటుకోని చొక్కాలు, ప్యాంట్లు తెప్పించాడు. తెచ్చినాయనది బీహారు. తొడుక్కునే పద్ధతంతా చూపించి, చివర్లో వేలెత్తి హెచ్చరించాడు.

"నైలాన్ గంజీ నహీ చలేగా."

నైలానూ వద్దు, గంజీ వద్దు అని అర్థం చేసుకున్నాను. కోస్తా నుంచి ఇక్కడి కాలవ కింద బతకడానికొచ్చిన మాబోటివాళ్ళకి గంజి అంటే అన్నం వార్చిన నీళ్ళే. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా చొక్కాలకి గంజి పెట్టి ఫెళఫెళలాడేలా ఆరేసేది. ఆమె పోయాక కుక్కర్లో వండుకుంటున్నాను, వార్చేదే లేదు. 'నా ఇంట్లో గంజి పెట్టే దిక్కెవరు నాయనా' అని లోపల్లోపలే కసురుకున్నాను. మిగతావాళ్ళు ఇంటికి పంపడానికి కొత్త బట్టల్లో ఫోటోలు దిగారు. నేను పనిలోకి వెళ్ళిపోయాను.

చొక్కా లోపల మాత్రం ఎప్పటి బనీనే. నున్నగా, జారిపోతూ ఉండేది. చెమట ఇట్టే ఆరిపోతుందని ఆవిడే కొన్నది. అది నైలానో కాదో నేనెప్పుడూ చూసుకోలేదు. పనికీ అదే, ప్రయాణానికీ అదే.

ఒకరోజు ఉక్కకి తాళలేక కాలరు లోపలికి మడిచేశాను. ఊక కదిపే ఇనపకొంకి కోసం అటు తిరిగానో లేదో, తెరిచిన పొయ్యిలోంచి మంట ఒక్కసారిగా వీపు మీదికి కొట్టింది. చొక్కా చెక్కుచెదరలేదు. మెడ వెనక బనీను అంచు మాత్రం కరిగి చర్మానికి అతుక్కుపోయింది.

పరుగున వచ్చిన బీహారు హమాలీ ఆ అంచు చూసి తల కొట్టుకున్నాడు. వాళ్ళ భాషలో గంజీ అంటే బనీనట! అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నొప్పితోనే.

డాక్టరు కరిగిన ముక్కలు ఒక్కొక్కటే తీసి, మందు గొట్టం చేతిలో పెట్టి, ఇంట్లోవాళ్ళతో రోజూ రాయించుకోమన్నాడు. సరేనన్నాను. ఇంట్లో అద్దానికి వీపు పెట్టి ఎంత తిప్పలుపడ్డా చెయ్యి అందలేదు. ఒంటిని కాపాడుకోమని అందరూ అంటారు. ఎవరి కోసమో చెప్పరు. పాత బనీన్లు పారేయబుద్ధి కాలేదు. అవి తొడుక్కుని మళ్ళీ పొయ్యి ముందుకి వెళ్ళే ధైర్యమూ లేదు.

సెలవు పెట్టి రాయచూరు బస్సెక్కాను. బజార్లో బట్టల కొట్టు పెద్దాయన నున్నటి బనీన్లే ముందు పరిచాడు.

"ఇది కాలితే కరుగుతుందా?" అనడిగాను.

"ఏంది అన్నా, అగ్గి పెట్టి చూస్తవా ఏంది? గిట్ల అడిగినోడు ఇంతవరకు లేడు!"

అటు తిరిగి మెడ చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది. నున్నటివన్నీ పక్కకు నెట్టి, అచ్చ నూలువి తీశాడు.

"పుండు ఎండి పగిలింది. మందు రాస్తలేరా? ఇంట్ల ఎవరు లేరా?"

ఇంకెప్పుడైనా అయితే, నీకెందుకయ్యా అనేవాణ్ణి. ఆ రోజు జేబులోంచి గొట్టం తీసి ఆయన చేతిలో పెట్టి, తల వంచాను. ముసలి వేలు మెల్లగా మెడ మీద తిరిగింది. ఆవిడ పోయాక నన్ను ఇంకో మనిషి చెయ్యి తాకడం అదే మొదలు.

"సాలా?" అన్నాడు.

"ఇంకొంచెం" అన్నాను.